చేతనున్న యంత్రము – చేతనైన చదువు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొన్న శుభసమయమున పుస్తకముల మహిమను గూర్చి నాలుగు మంచిమాటలు చెప్పి ముగించుట ఆచారము. ఆ మహిమ ఈ సభలో నున్నవారెవ్వరికిని తెలియనిది కాదు. కావున నేటి ప్రసంగమునకు వేరొక విషయము గ్రహింపబడినది. నిజామాబాదు పట్టణమునందును, బోధన్ చుట్టునున్న చెరకు పల్లెలయందును కళాశాల గడప త్రొక్కకయే డిగ్రీ చదువుచున్న యువకులు కలరు, కోడండ్రు కలరు, పగలు కూలికి పోయి రాత్రి పాఠము విప్పువారు కలరు. వారి చదువులో నానాటికి పుస్తకము పాలు తగ్గి, ఫోను పాలు పెరుగుచున్నది. ఆ యంత్రముతో చదువుటకు వారు సంసిద్ధులై యున్నారా? సంసిద్ధత యనగా నేమి? అది ఎక్కడ లభించును? ఈ మూడు ప్రశ్నలే నేటి విషయము.

ఈ సంగతిలో రెండభిప్రాయములు తరచుగా వినబడుచున్నవి. "ఫోను వచ్చినది, పిల్లలు చెడిరి, అందులో చదువేమి?" అనునది మొదటిది. ఇది రచ్చకట్ట మీది పెద్దల మాట. "లోకమంతయు ఫోనులోనే యున్నది, ఇక గ్రంథాలయమెందుకు?" అనునది రెండవది. ఇది బస్టాండు వద్ద నిలిచిన యువకుల మాట. వినుటకు రెండును ఒకదానికొకటి విరుద్ధములుగా తోచును. కాని రెంటియందును చూపు యంత్రము మీదనే నిలిచినది. చదువువాని మీదికి పోలేదు.

నిజాంసాగరు కట్టడము 1923లో మొదలై 1931లో ముగిసినది. మంజీర నీరు ప్రధాన కాలువ గుండ ఈ సీమకు పారినది. నీరు వచ్చినంత మాత్రమున బీడు తోట కాలేదు. రైతు నేలను చదును చేసెను, గట్లు వేసెను, తూమునుండి తన మడి దాక పిల్లకాలువ త్రవ్వుకొనెను, వంతు వచ్చిన రాత్రి పార భుజమున వేసికొని మేలుకొనెను. ఆ పని చేయనివాని పొలము ప్రక్కనుండియే నీరు పారి వాగులో కలిసినది. నేటి అంతర్జాలము ఆ ప్రధాన కాలువ వంటిది. అది ప్రతి యూరికిని వచ్చినది, ఇంచుమించు ప్రతి యింటికిని వచ్చినది. దూరవిద్యకు సంసిద్ధత యనగా ఈ చదును, ఈ గట్టు, ఈ పిల్లకాలువ. వీనిని గూర్చియే ఆలోచింపవలసి యున్నది.

గురువునకు దూరముగా నుండి నేర్చుట క్రొత్త సంగతి కాదు. ద్రోణాచార్యుడు శిష్యునిగా స్వీకరింపకున్నను, ఏకలవ్యుడు మట్టితో గురువు ప్రతిమను చేసి నిలిపి, దాని యెదుట ప్రతిదినము అభ్యసించి విలువిద్యలో అసమానుడయ్యెనని భారతము ఆదిపర్వము చెప్పుచున్నది. ఆ మట్టిబొమ్మ పాఠము చెప్పలేదు. అతని నియమమే అతనికి పాఠము చెప్పినది. నేటి ఫోను ఆ బొమ్మ కంటె వేయిరెట్లు మేలైనది. అది మాటలాడును, పటము చూపును, అర్థము కానిచో వెనుకకు త్రిప్పి ఎన్నిమారులైనను విసుగులేక వినిపించును. అయినను దాని యెదుట నిలుచు ఏకలవ్యుడు లేనిచో అదియు మట్టిబొమ్మయే.

ఆ కథయందు మరువరాని రెండవ పాఠము కూడ కలదు. ఏకలవ్యునకు విద్యాశాలలో చోటు లేకపోయినది. విద్య అబ్బిన పిమ్మటను గుర్తింపు రాలేదు, బొటనవ్రేలు పోయినది. తనంత తాను చదువుకొనినవానికి చోటును, గుర్తింపును లేకుండ చేయుట లోకమున కెంత పాతకాలపు దోషమో ఆ కథ సాక్ష్యము చెప్పుచున్నది. ఆ దోషమును కొంత సవరించుటకే తరువాతి కాలమున సార్వత్రిక విశ్వవిద్యాలయములు పుట్టినవి.

ఈ సీమవారికి ఒంటరి చదువు అలవాటే. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాష ఉర్దూగా నుండెను. తెలుగు చదువ గోరినవారికి పాఠశాల కంటె గ్రంథాలయమే ఎక్కువ దిక్కైనది. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆ దారికి తొలి దీపము. 1937లో ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశము మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన నిజామాబాదుననే జరిగినది. ఆ ఉద్యమము నడచిన యూళ్లలో పఠనాలయము వెలయుట, అక్షరము వచ్చినవాడు పత్రిక చదువగా రానివారు చుట్టు కూర్చుండి వినుట పరిపాటి. ఆనాడు పత్రిక ఒకటే, చెవులు అనేకము. సాధనము కొఱతగా నున్నను సంసిద్ధత నిండుగా నుండెను. నేడు సాధనము ప్రతి జేబులోను కలదు. రెండవది ఎంత కలదో లెక్క చూచుకొనవలసిన దినము వచ్చినది.

ఇక ఆధునికమైన దూరవిద్య చరిత్రను సంగ్రహముగా తెలిసికొనవలెను. భారతదేశమున తపాలా ద్వారా విశ్వవిద్యాలయ పాఠములను పంపు పద్ధతి 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయమున మొదలైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1972లోను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1977లోను అట్టి శాఖలు ఏర్పడినవి. ఇంగ్లండులో 1969లో స్థాపింపబడిన ఓపెన్ యూనివర్సిటీ, తపాలాకు రేడియోను, టెలివిజనును జతచేసి లోకమునకు క్రొత్తదారి చూపినది. ఆ దారిలో భారతదేశమున నడచిన మొదటి సంస్థ తెలుగువారిదే. 1982లో హైదరాబాదు కేంద్రముగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. ఆచార్య జి. రాంరెడ్డిగారు దానికి తొలి ఉపాధ్యక్షులు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు దానికిని తొలి ఉపాధ్యక్షులు వారే యైరి. 1991లో తెలుగు సంస్థకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబడినది. పుస్తకముల కొఱకే బొంబాయిలో ఇల్లు కట్టించుకొనిన మహనీయుని పేరు, ఇంట చదువుకొనువారి విశ్వవిద్యాలయమునకు తగియున్నది.

ఆ విశ్వవిద్యాలయపు పని తీరు మొదటినుండియు సరళమైనది. తెలుగున వ్రాయించిన ముద్రిత పాఠములు విద్యార్థికి ఇయ్యబడును. సెలవు దినములలో అధ్యయన కేంద్రమున సంప్రదింపు తరగతులు జరుగును. నిజామాబాదు గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో అట్టి కేంద్రము కలదు. ఆకాశవాణిలోను, దూరదర్శన్‌లోను పాఠములు ప్రసారమైనవి. ఇంటర్మీడియట్ చదువని పెద్దవారికి సైతము అర్హతపరీక్ష పెట్టి, అందు నెగ్గినవారిని డిగ్రీలో చేర్చుకొనుట ఆ సంస్థ తొలినాళ్లలో తెరచిన గొప్ప తలుపు. బడి మానిన పదియేండ్లకు మరల పలక పట్టినవారు ఆ తలుపు గుండ ఎందరో లోనికి వచ్చిరి.

యంత్రముల ద్వారా విద్యను పల్లెకు చేర్చుటలో ఈ దేశము చేసిన తొలి పెద్ద ప్రయోగము 1975 ఆగస్టు మొదటి తేదీనుండి 1976 జూలై చివర వరకు సాగినది. అమెరికా వారి ఉపగ్రహము సాయమున ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు పంపబడినవి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊరికి ఒకటే పెట్టె. ప్రొద్దున పిల్లలు, సాయంకాలము పెద్దలు దాని యెదుట గుమిగూడి చూచిరి. పెట్టె ఊరుమ్మడి వస్తువగుటచే చూచినదానిని గూర్చి ఒకరితో నొకరు మాటలాడుకొనిరి, అర్థము కానిదానిని అడిగి తెలిసికొనిరి. నేడు ప్రతివాని చేతిలోను ఒక పెట్టె కలదు. ప్రక్కవానితో మాట లేదు. ఇది గమనింపదగిన భేదము.

తరువాత 2004లో విద్యకే ప్రత్యేకముగా ఎడ్యుశాట్ అను ఉపగ్రహమును శ్రీహరికోటనుండి పంపిరి. 2008లో గోదావరికి ఆవలి ఒడ్డున, సరస్వతీ క్షేత్రమైన బాసరలో, రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము తెరువబడినది. పదవ తరగతి ముగించిన పల్లెటూరి పిల్లలను చేర్చుకొని, లాప్‌టాప్‌లు ఇచ్చి, వాని ద్వారా పాఠములు చెప్పు పద్ధతి అచ్చట మొదలైనది. కాని ఆ పిల్లలు ఇంట లేరు, వసతిగృహమున నుండిరి. అడుగుటకు ప్రక్కన మనిషి యుండెను, కూర్చుండుటకు బల్ల యుండెను, చదువుటకు వేళ యుండెను. యంత్రమునకు తోడుగా ఈ మూడును అమరినచో పల్లెటూరి పిల్లవాడు దేనికిని వెనుదీయడని తెలిసికొనుటకు ఆ ప్రాంగణము చాలును. ఇంట చదువువానికి ఆ మూడింటిని ఎవ్వరు సమకూర్చవలెననునది ప్రశ్న.

2017లో కేంద్ర ప్రభుత్వము స్వయం అను అంతర్జాల విద్యావేదికను తెరచినది. ఆ వేదికపై చదివిన పాఠ్యక్రమములను డిగ్రీలో కొంతభాగముగా లెక్కించుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము అనుమతించినది. 2016 నిబంధనలలో నూటికి 20 పాళ్లుగా నున్న ఆ భాగము 2021లో 40 పాళ్లకు పెరిగినది. తెలంగాణలో టీ-శాట్ వారు నిపుణ, విద్య అను రెండు ఛానెళ్ల ద్వారా పాఠములను ఇంటింటికి చేర్చిరి. కాలువకు నీరు ఈ విధముగ నిండుచు వచ్చినది.

2020 మార్చిలో కరోనా వ్యాధివలన దేశమంతయు తలుపులు మూసికొన్నది. అప్పటివరకు కొందరికే పరిమితమైన దూరవిద్య ఒక్కనాటిలో అందరికిని విధియైనది. తెలంగాణ బడిపిల్లలకు ఆ యేడు సెప్టెంబరు మొదటి తేదీనుండి దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్‌లోను పాఠములు మొదలైనవి. కళాశాలలవారు ఫోనుల ద్వారా తరగతులు నడపిరి. అంతకు కొలది కాలము ముందు, 2017-18లో, కేంద్ర గణాంకశాఖవారు జరిపిన 75వ జాతీయ నమూనా సర్వేలో తేలిన లెక్క ఇది: దేశమున గ్రామీణ గృహములలో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4, అంతర్జాల సౌకర్యము ఉన్నవి నూటికి 14.9. పట్టణములలో ఆ సంఖ్యలు 23.4, 42. అనగా పల్లెను పట్టణముతో పోల్చినచో కంప్యూటరున అయిదవ వంతు, అంతర్జాలమున మూడవ వంతు. తరువాతి సంవత్సరములలో చవుక ఫోనులు వచ్చి అంతర్జాలపు లెక్క చాల మారినది. కంప్యూటరు మాత్రము చాల యిండ్లకు నేటికిని రాలేదు. పల్లె విద్యార్థికి విశ్వవిద్యాలయమనగా అరచేతి వెడల్పు గల అద్దము.

ఇప్పుడు సంసిద్ధత యను దానిని పద్దు పద్దుగా వ్రాసి చూడవలెను. లెక్కల పుస్తకమున జమ, ఖర్చు, నిలువ అని గీతలు గీచినట్లే దీనికిని నాలుగు గళ్లు గీయవచ్చును: సాధనము, చేతి అలవాటు, వేళ, చదువరితనము.

మొదటి గడి సాధనము. ఇంటికి ఒక ఫోను కలదనుట నిజమే. కాని అది ఎవ్వరి చేతిలో, ఏ వేళ నుండును? పగలు ఇంటి యజమానితో అది పొలమునకు పోవును. రాత్రి అన్నము తిన్న పిమ్మట మొదట తమ్ముని ఆటకు, తరువాత అన్న చేతికి, అందరి పని తీరినచో ఆడపిల్లకు అందును. అప్పటికి ఆ దినపు డేటా ముగిసియుండును, పిల్లకు నిద్ర ముంచుకొని వచ్చియుండును. ఇంటిలో ఫోను కలదని వ్రాసిన లెక్కలో ఆ పిల్లకును ఫోను కలదనియే పడును. లెక్క తప్పు కాదు, సరిపోదు.

రెండవ గడి చేతి అలవాటు. ఇందు పల్లెవారు వెనుకబడినవారని తలచుట పొరపాటు. ఈ జిల్లానుండి గల్ఫు దేశములకు పోయినవారు వేలకొలది కలరు. దుబాయిలో నున్న కొడుకు ముఖము చూచుటకై, అక్షరము రాని తల్లి సైతము వీడియో కాల్ చేయుట నేర్చినది. ఎవ్వరును ఆమెకు శిక్షణ ఇయ్యలేదు, ప్రేమయే శిక్షణ. అవసరము గట్టిదైనచో వ్రేళ్లు నేర్చుకొనును. కాని చదువునకు కావలసిన అలవాట్లు వేరు. ప్రవేశము కొఱకు అంతర్జాలమున దరఖాస్తు నింపవలెను. ఈ-మెయిల్ ఉండవలెను, పాస్‌వర్డు జ్ఞాపకముండవలెను, ఓ.టి.పి. వచ్చు నంబరు తనదై యుండవలెను, ఫొటోను అడిగిన పరిమాణమునకు కుదించి ఎక్కింపవలెను, రుసుము కట్టి రసీదు దాచుకొనవలెను, హాల్ టికెట్టు తీసికొనవలెను. చాలమంది ఈ పనిని నెట్ సెంటరువానికి అప్పగింతురు. అతడు తొందరలో తన నంబరో, తన ఈ-మెయిలో వేసి పంపును. పరీక్ష తేదీ మారినదను కబురు ఆ నంబరునకు పోవును. విద్యార్థి పాత తేదీనే నమ్మి కూర్చుండును. సంవత్సరపు శ్రమ అంతయు చదువు రాక కాక, కబురు రాక పోవుట ఎంత దుఃఖకరము! పొలము పట్టాపాసుపుస్తకమును పరుల యింట దాచుకొను రైతు ఉండడు. తన చదువు తాళపుచెవిని పరుల చేత పెట్టు విద్యార్థి మాత్రము కలడు.

మూడవ గడి వేళ. చెరకు సంగతి ఈ సభలోనివారికి చెప్పనక్కరలేదు. నరికిన చెరకును ఒక దినము లోపల గానుగకు చేర్చినచో పంచదార నిండుగా దిగును. జాగు చేసినకొలది బరువును తగ్గును, తీపియు తగ్గును. విన్న పాఠమును అంతే. విన్న నాడే నాలుగు వాక్యములు స్వహస్తముతో వ్రాసి, తెలియని మాటను తెలిసికొని, రేపటికి ఒక ప్రశ్న మిగుల్చుకొనినచో అది తనదగును. పరీక్ష ముందర చూచెదమని ఫోనులో దాచిన పాఠము కల్లములో ఎండుచున్న చెరకు వంటిది. కళాశాలలో గంట కొట్టి వేళ చెప్పుదురు. దూరవిద్యలో గంట లేదు; ఎవరి గంట వారే కొట్టుకొనవలెను. చెరకు నరుకు కాలమున, నాటు కాలమున, పెండ్లిళ్ల కాలమున ఆ గంట ఆగిపోవును. ఆగిన గంటను మరల మ్రోగించుటయే కష్టమైన పని.

నాలుగవ గడి చదువరితనము. అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. ఎవ్వరును లెక్క వ్రాయనిదియు ఇదియే. ఫోను చూచుట వేరు, ఫోనులో చదువుట వేరు. చూచునప్పుడు వ్రేలు పైకి జారుచుండును. చదువునప్పుడు వ్రేలు ఆగవలెను. అర్ధగంట ఒకే పాఠము మీద మనసు నిలుపుట, ముఖ్యమైనదానిని అప్రధానమైనదానినుండి వేరుచేయుట, విన్నదానిని తన మాటలలో వ్రాయుట, సందేహము కలిగినప్పుడు దానిని ప్రశ్నగా మలచుట: ఇవి యంత్రము నేర్పవు. పుస్తకము చదివి చదివి అలవడును. 2022 చివరినుండి కృత్రిమ మేధ అను మరియొక వింత చేతికి వచ్చినది. ప్రశ్న అడిగినచో క్షణములో వ్యాసము వ్రాసి యిచ్చును. అందు నిజము కలదు, నిజమువలె కనబడు తప్పును కలదు. చదివినవానికి అది మంచి సహాయకుడు, ఏలనన తప్పును పట్టగలడు. చదువనివాడు దానిని ఉన్నదున్నట్లు ఎక్కించి అసైన్‌మెంటు పంపును. మార్కులు అతనికి, చదువు యంత్రమునకు మిగులును.

ఇంకొక చిక్కు భాషది. అంతర్జాలమున దొరకు ఉన్నతవిద్యా పాఠములలో అధికభాగము ఇంగ్లీషున నున్నవి. తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థికి యంత్రము కొత్త కాదు, ఆ మాట కొత్త. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథములును, సార్వత్రిక విశ్వవిద్యాలయపు తెలుగు పాఠములును ఇంగ్లీషు వీడియో ప్రక్కన తెరచియుంచుకొనినచో రెండును ఒకదానికొకటి వెలుగిచ్చును. పుస్తకమునకును ఫోనునకును వైరము లేదు.

ఈ లెక్క తేలకున్నచో నష్టపోవువారెవ్వరు? 1937లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ బోధన్ శక్కర్‌నగరును లోకమునకు తెలిపినది. తండ్రి పనిచేసిన చోట కొడుకునకు కొలువు దొరకునను భరోసా ఆ చిమ్నీ పొగతో పాటు ఎన్నో యేండ్లు ఈ ఆకాశమున నిలిచినది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడినది. నాడు పదవ తరగతిలో నున్న కార్మికుల పిల్లలు నేడు ఇరువదియైదేండ్లవారు. వారిలో పట్టణమునకు పోయి చదువగలిగినవారు పోయిరి. పోలేనివారికి దూరవిద్యయే దారి. ఇండ్లలో బీడీలు చుట్టు స్త్రీలు ఈ జిల్లాలో వేలకొలది కలరు. వారి వ్రేళ్లు దినమంతయు ఆకు మీద నుండును. చెవులు మాత్రము ఖాళీగా నుండును. చాటలో తంబాకు, ప్రక్కన పాఠము వినిపించు ఫోను: ఈ దృశ్యము అసంభవము కాదు. భర్త గల్ఫులో నుండగా అత్తవారింట నున్న కోడలికి పట్టణపు కళాశాల దూరము. రాత్రి తొమ్మిది గంటలకు ఇంటికే వచ్చు పాఠము దూరము కాదు. వీరికి దూరవిద్య రెండవ తరగతి చదువు కాదు, ఉన్న ఒక్క చదువు. అది మధ్యలో తెగిపోయినచో, "నీకు చదువు రాదు" అని ఊరు తీర్పు చెప్పును. తీర్పు చెప్పుటకు ముందు, ఆమెకు వేళను, చోటును, అడుగుటకు ఒక మనిషిని ఊరు ఇచ్చినదా యని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

గ్రంథాలయము చేయదగిన పని ఇచ్చటనే కలదు. 2006లో డిచ్‌పల్లి వద్ద తెలంగాణ విశ్వవిద్యాలయము ఏర్పడి ఉన్నత విద్య ఈ జిల్లాకు దగ్గరైనది. కాని విశ్వవిద్యాలయము ప్రతి యూరికి రాలేదు. గ్రంథాలయము ఊరిలోనే కలదు. అది పిల్లకాలువ కావలెను. ఇందుకు లక్షలు అక్కరలేదు. రజతోత్సవ సందర్భమున కార్యవర్గమువారు ఆలోచించుటకై అయిదు పనులు ఇచ్చట చెప్పబడుచున్నవి.

ఒకటి: సాయంకాలము ఏడు గంటలనుండి తొమ్మిది గంటల వరకు ఒక గది దూరవిద్యార్థులకు ప్రత్యేకింపవలెను. బల్లలు, దీపము, అంతర్జాలము, ఒక కంప్యూటరు అందుండవలెను. అచ్చట ఆట ఆడరాదు, పాట వినరాదు. వేళను గంట కొట్టి చెప్పవలెను.

రెండు: ప్రతి విద్యార్థికి ఒక చిన్న విద్యాపుస్తకము ఇయ్యవలెను. ప్రవేశ సంఖ్య, తన సొంత ఈ-మెయిల్, రుసుము కట్టిన తేదీ, అసైన్‌మెంటు గడువు, పరీక్ష తేదీ అందు విద్యార్థియే స్వహస్తముతో వ్రాయవలెను. పాస్‌వర్డు మాత్రము అందు వ్రాయక మనసున నిలుపుకొనవలెను. దరఖాస్తు నింపుటలో గ్రంథాలయము సాయపడవలెను గాని, విద్యార్థికి మారుగా నింపరాదు. ఒకమారు తాను నింపినవాడు రెండవమారు ఇంకొకనికి నేర్పగలడు.

మూడు: వారమునకు ఒక దినము కూడి వినుట జరుగవలెను. ఒక పాఠమును పెద్ద తెరపై పెట్టి, పది నిమిషములకొకమారు ఆపి, విన్నదానిని ఒకరు చెప్పవలెను, మరియొకరు సవరింపవలెను. నాడు పత్రిక చుట్టు కూర్చున్నట్లే నేడు పాఠము చుట్టు కూర్చుండవలెను. చదువు ముగించినవారు వంతులవారీగా ఆ గోష్ఠిని నడపవలెను.

నాలుగు: స్త్రీలకు పగటివేళ, వంటపని తీరిన పిమ్మట, ప్రత్యేకముగా రెండు గంటలు కేటాయింపవలెను. చిన్నపిల్లలను వెంట తెచ్చుకొనుటకు వీలు కల్పింపవలెను. ఆ వేళలో ఒక స్త్రీయే పర్యవేక్షించుట మంచిది.

ఐదు: నిఘంటువులు, తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములు, సార్వత్రిక విశ్వవిద్యాలయపు పాత పాఠపుస్తకములు ఒక బీరువాలో చేర్పవలెను. చదువు ముగించినవారు తమ పుస్తకములను అమ్ముకొనక గ్రంథాలయమునకు ఇచ్చుట ఆచారముగా మారవలెను.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. చదువుచున్న ఆడపిల్లకు ఫోను దినమునకు ఒక గంట, ఒకే వేళకు, అడుగనక్కరలేకుండ చేతికి రావలెను. రాత్రి పూట నీటివంతు వచ్చినప్పుడు పొరుగువాని మడిని దాటి మరియొకడు తూము తిప్పడు. అది ఊరి నీతి. ఇంటిలోని పిల్ల వంతును కూడ అంత గౌరవముగా చూడవలెను.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. అద్దము మీద వ్రేలు చురుకుగా కదలుట చూచి తాము సంసిద్ధులమని భ్రమపడరాదు. ఒక చిన్న పరీక్ష కలదు. ఒక పాఠమును చూచి ఫోను మూసివేసి, తెల్లకాగితము మీద పది వాక్యములు వ్రాయవలెను. పది వచ్చినచో సంసిద్ధత కలదు. మూడే వచ్చినచో సిగ్గుపడ నక్కరలేదు, ఈ గ్రంథాలయపు మెట్లు ఎక్కవలెను. మూడు పదియగుటకు ఒక సంవత్సరము చాలును.

ఇరువదియైదేండ్ల క్రిందట ఈ గ్రంథాలయమును స్థాపించినవారు ఊరికి పుస్తకమును తెచ్చిరి. తరువాతి ఇరువదియైదేండ్లలో ఊరినుండి విశ్వవిద్యాలయమునకు దారి వేయు బాధ్యత నేటివారిది. స్వర్ణోత్సవ సంచిక వెలువడు నాటికి, అందులో ఈ యూరి దూరవిద్యా పట్టభద్రుల పేర్లు ఒక పుటను నింపవలెను. ఆ పుటలో సగము పేర్లు స్త్రీలవి కావలెను. ఆ పుటను నింపు పని రేపటి సాయంకాలము ఏడు గంటలకు గది తలుపు తెరచుటతో మొదలగుగాక. స్వస్తి.